చేపలు నోరు తెరచినచో ముందుగా మొప్పను చూడుడు

తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచి గాలి మ్రింగుచున్నవను వార్త ఊరిలోనికి రాగానే కౌలుదారు, మత్స్యకారులు, పంచాయతీ సభ్యులు అందఱును గట్టుమీద చేరుదురు. ఏదో ఒక మందు పోయవలెనని తొందర కలుగును. ఇటువంటి ఒక కుంటను మేము చూచితిమి. చేపలకు పురుగు పట్టినదని తలచి అచ్చటివారు ఫార్మలిన్ పోసిరి. మధ్యాహ్నమునకు చేపలు తెల్లని పొట్టలతో గట్టునకు కొట్టుకొని వచ్చినవి. నిజమునకు ఆ చేపలకు పురుగు లేదు. రాత్రివేళ నీటిలో ప్రాణవాయువు తగ్గుటచేతనే అవి పైకి వచ్చినవి. ఫార్మలిన్‌కు నీటిలోని ప్రాణవాయువును హరించు గుణము కలదు. పది లక్షల పాళ్ళ నీటిలో అయిదు పాళ్ళ ఫార్మలిన్ కలిపినచో ఇంచుమించు ఒక పాలు ప్రాణవాయువు నశించును. ఊపిరాడని చేపకు ఆ మిగిలిన ఊపిరియు తీసివేసినట్లయినది.

1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో చేపల పరిశ్రమ 5వ అంశముగా నున్నది. కావున చెరువులోని చేప సంగతి కౌలుదారునికి మాత్రమే విడువదగినది కాదు.

చేప మొప్పలతో ఊపిరి పీల్చును. మూత ఎత్తి చూచినచో దువ్వెన పండ్లవలె ఎఱ్ఱని పోగులు కనబడును. ప్రాణవాయువు నీటినుండి రక్తములోనికి చేరునది ఈ పోగుల పలుచని పొరగుండనే. నీటిలో ప్రాణవాయువు లేకున్నను, మొప్ప చెడినను చేప ఒకే విధముగా నోరు తెరచును. భ్రమకు మూలమిదియే.

ఈ రెంటిని వేఱుపరచుట కష్టము కాదు. ప్రాణవాయువు కొఱతయైనచో చేపలు తెల్లవారుజామున, లేదా మబ్బు పట్టిన దినములలో పైకి వచ్చును. ఎండ వచ్చి నీటిలోని పచ్చని నాచు పనిచేయ మొదలిడగానే దిగిపోవును. పెద్ద చేపలు ముందుగా చచ్చును. మొప్పకు పురుగు పట్టినచో ఎండ ఎక్కినను చేపలు దిగవు. తూమువద్ద, క్రొత్తనీరు వచ్చుచోట గుమిగూడును. మొప్పల మూతలు విచ్చుకొని యుండును. సాధారణముగా పిల్లలే ముందు చచ్చును. అప్పుడు ప్రాణమున్న చేపనొకదానిని చేతివలతో పట్టి మూత ఎత్తి చూడవలెను. మొప్ప పాలిపోయి, వాచి, జిగురు కప్పియున్నచో అనుమానింపవలసినదే. చచ్చి చాలసేపైన చేప మొప్ప ఎట్లును పాలిపోవును గనుక దానిని చూచి నిర్ణయింపరాదు.

మొప్పలను పట్టు జీవులు పలు విధములు. డాక్టైలోగైరస్ అను సన్నని పురుగు తోకనున్న కొక్కెములతో మొప్పను పట్టుకొనును. ఇది గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగు ఈదుకొనుచు పోయి మఱియొక చేపను చేరును. నడుమ మఱే జీవియు అక్కఱలేదు గనుక చేపలు క్రిక్కిఱిసియున్నచోట ఇది త్వరగా వ్యాపించును. ట్రైకోడైనా అనునది పళ్ళెమువలె గుండ్రనైన ఏకకణజీవి. పేడ, ఎరువు ఎక్కువై నీరు చెడినచోట ఇది ప్రబలును. ఈ రెంటిని నిశ్చయముగా తెలియుటకు సూక్ష్మదర్శిని కావలెను. కావున జబ్బుపడిన చేపలను ప్రాణముతోనే, నీటితో సహా మత్స్యశాఖవారి ప్రయోగశాలకు చేర్పవలెను. మొప్పలపై నూకలవంటి తెల్లని పొక్కులు కనబడినచో అవి మిక్సోస్పోరిడియన్ జాతివి. వీనికి సరియైన మందు లేదు.

మందు పనిచేయుననియే తలతము. పది ఎకరముల చెరువులో మీటరున్నర లోతు నీరున్నదనుకొందము. అది సుమారు 60,700 ఘనపు మీటర్లు. ఘనపు మీటరునకు 2 గ్రాముల వంతున పర్మాంగనేటు వేయవలెనన్నచో 121 కిలోలు కావలెను! ఒక మాఱు వేసిన చాలదు. మందు పురుగును చంపినను గ్రుడ్డును చంపలేదు. కొన్ని దినములకు గ్రుడ్లు పొదిగి క్రొత్త పురుగులు వచ్చును. పశువులు త్రాగు నీటిలో ఫార్మలిన్ పోయుట తలపెట్టనే రాదు. పైరుకు కొట్టు పురుగుమందులు చేపకు విషము.

కావున ఊరి చెరువునకు వైద్యము చేపపిల్ల చెరువులో పడకమునుపే జరుగవలెను. 1957లో ఒడిషాలో హీరాలాల్ చౌధురి, అలికున్హిగార్లు కార్పు జాతి చేపలచే సూదిమందుతో గ్రుడ్లు పెట్టించిరి. నాటినుండి పిల్లలకై నదులవైపు చూడవలసిన పని తగ్గినది. నేడు బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు పిల్లలు పెంపక కేంద్రములనుండి వేల సంఖ్యలో వచ్చుచున్నవి. ఇది గొప్ప మేలే. అయితే ఇఱుకైన నారు మళ్ళలో పెరిగిన పిల్లలు పురుగులను వెంట తెచ్చుటయు కలదు.

పిల్లల సంచులను మొదట పావుగంట చెరువు నీటిపై తేలనిండు. పీపాలో పది లీటర్ల నీటికి 200 నుండి 300 గ్రాముల రాళ్ళ ఉప్పు తూచి వేసి పూర్తిగా కరిగింపుడు. పిల్లలను చేతివలలో నుంచి రెండు మూడు నిమిషములు అందులో ముంచుడు. ఏ పిల్లయైనను ప్రక్కకు ఒరిగినచో గడువు కాకున్నను వెంటనే తీసివేయుడు. కొన్ని దఫాలకొకమాఱు ఉప్పునీరు మార్పుడు. ఏకకణజీవులు చాలవఱకు రాలిపోవును, పురుగులు తగ్గును. గ్రుడ్లు మిగులవచ్చునుగాని, చెరువులోనికి పోవు బరువు బాగుగ తగ్గును. కంటి అంచనాతో ఉప్పు వేయువారు కలరు. అది పిల్లలను చంపుటకు దగ్గఱి దారి.

చెరువులో పురుగు పడియే యున్నచో ఎరువును, మేతను ఆపుడు. క్రొత్తనీరు రానిండు. పెరిగిన చేపలను కొంత పట్టి అమ్మి ఒత్తిడి తగ్గింపుడు. మిగిలినది ప్రయోగశాల మాట వచ్చిన పిదపనే.

వేసవిలో అడుగు ఎండు కుంటలను బీటలు వాఱువఱకు ఎండనిచ్చి సున్నము చల్లుడు. తెల్లని పొక్కుల జీవులు బురదలోని ఎఱ్ఱపురుగులలో కొంత కాలము పెరిగి చేపను చేరునని 1980ల నాటి పరిశోధనలవలన తెలిసినది. ఎండిన బురదలో ఆ ఎఱ్ఱపురుగులు చాలవఱకు చచ్చును. కౌలు తీర్మానము వ్రాయునప్పుడే, పిల్లలు వచ్చు దినమున రెండు పీపాలు, తక్కెడ, ఉప్పు గట్టున సిద్ధముగా నుంచు బాధ్యత ఎవరిదో అందు వ్రాయింపుడు.