కీలులో చీము: జాగు చేయరాని వ్యాధి

మోకాలు నొప్పి అనగానే మన ఇళ్లలో వినిపించే మాట "వాతం". విదేశంలో ఉన్న పిల్లల దగ్గరకు వచ్చిన పెద్దవారు వైద్యం ఖర్చుకు వెరచి నొప్పిని దాచుకోవడం కూడా కద్దు. అరుగుదల వల్ల కలిగే నొప్పి ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. అట్లా కాక, ఒకే కీలు రెండు మూడు రోజులలో వాచి, వేడెక్కి, కదపలేనంతగా బాధిస్తే అది బాక్టీరియా దాడి కావచ్చు. జ్వరం లేనంత మాత్రాన అనుమానం తొలగిపోదు.

ఈ వ్యాధికి తరచు కారణమయ్యేది స్టాఫిలోకోకస్ ఆరియస్. ఎందరో ఆరోగ్యవంతుల ముక్కులోను, చర్మం మీదను ఇది నివసిస్తుంది. చిన్న పుండు ద్వారా రక్తంలో చేరి కీలును ఆశ్రయిస్తుంది. మధుమేహ రోగులకు, కృత్రిమ కీలు అమర్చుకున్నవారికి ముప్పు అధికం. ఎముకల కొసలను కప్పే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. బాక్టీరియాను ఎదుర్కొనవచ్చిన తెల్లకణాల ఎంజైములే దానిని కరిగించివేస్తాయి. రోజుల వ్యవధిలో జరిగే ఆ నష్టం మళ్లీ పూడదు.

నిర్ధారణకు రక్తపరీక్ష, ఎక్స్‌రే చాలవు. సూదితో కీలుద్రవాన్ని తీయాలి. ఆరోగ్యవంతమైన ద్రవంలో తెల్లకణాలు ఘనమిల్లీమీటరుకు 200 లోపు ఉంటాయి. 50,000 దాటితే చీము పట్టిందన్న అనుమానం బలపడుతుంది. తక్కువైనా కాదని తోసిపుచ్చరు. యూరేట్ స్ఫటికాలు కనిపిస్తే గౌట్ ఉన్నట్లే, కాని రెండు వ్యాధులూ కలిసి రావచ్చు. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ వెలువరించిన రంగుల పరీక్ష బాక్టీరియా తెగను సూచిస్తుంది. ఏ మందుకు లొంగుతుందో తేల్చేది కల్చర్ పరీక్ష.

స్వదేశం నుండి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రలు ముందే మింగితే కల్చర్‌లో బాక్టీరియా పెరగకపోవచ్చు; శత్రువెవరో తెలియకుండా పోతుంది. వైద్యులు మామూలుగా ముందు ద్రవాన్ని తీసి, ఫలితం కోసం వేచి ఉండక వెంటనే నరం ద్వారా మందు మొదలుపెడతారు. రోగి స్థితి విషమిస్తే మందునే ముందుంచుతారు.

మందు ఒక్కటే చాలదు. చీమును బయటకు తీయాలి. చికిత్స వారాల తరబడి సాగుతుంది. బాక్టీరియా కణకవచాన్ని గోడ అనుకుంటే, పెనిసిలిన్ తాపీమేస్త్రి చేతిని కట్టివేస్తుంది. మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకోకస్ మరో మేస్త్రిని నియమించుకుంటుంది. అప్పుడు వాంకోమైసిన్ ఇటుకనే పట్టుకుని గోడ లేవనీయదు.

ఇదే బాక్టీరియా తొడ వంటి పెద్ద కండరాలలోనూ చీము పట్టించగలదు. తొలిదినాలలో పైకి నొప్పి, గట్టిదనం తప్ప మరేమీ తెలియకపోవచ్చు. ఎమ్మారై లేక అల్ట్రాసౌండ్ లోపలి చీమును చూపుతుంది.

కాబట్టి ఉన్నట్టుండి వాచిన కీలుకు మర్దన, కాపడం తగవు. ఆనాడే వైద్యుని చూడడం, అంతకుముందు వాడిన మందులన్నీ దాచక చెప్పడం కుటుంబసభ్యుల కర్తవ్యం.