మైత్రేయియు ధనికుఁడును

ఒక మతగ్రంథమును హెచ్చించుటకై వేఱొకదానిని తగ్గించుట సత్యాన్వేషణము కానేరదు. రెంటిని ప్రక్కప్రక్క నుంచి చదువుటయే మేలని మేము తలంతుము. 1816లో ఈశ కేనోపనిషత్తుల యనువాదములను ప్రకటించిన రాజా రామమోహనరాయలే 1820లో యేసు నీతిబోధలను సంకలనము చేసి ముద్రింపించిరి.

బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుఁడు గృహమును విడువఁబూని, తన యాస్తిని భార్య లిరువురకును పంచఁదలఁచెను. ధనపూర్ణమగు భూమి యంతయు లభించినను అమృతత్వము కలుగునా యని మైత్రేయి యడిగెను. కలుగదని ఋషి చెప్పఁగా, ఆమె ధనమును కాదని జ్ఞానమును కోరెను. మార్కు సువార్త పదియవ యధ్యాయమున నొక ధనికుఁడు నిత్యజీవమునకు మార్గ మడిగెను. ఆస్తిని విక్రయించి బీదల కిచ్చి తన్ను వెంబడింపుమని యేసు చెప్పఁగా, అతఁడు విచారముతో మరలిపోయెను.

ప్రశ్న యొక్కటియే, ఉత్తరములు వేఱు. ఉపనిషత్తు శ్రవణ మనన నిదిధ్యాసనములచే నాత్మను తెలిసికొమ్మనును. సువార్త బీదలను చూపును. ఈ భేదమును మఱుఁగుపఱుప నక్కఱలేదు. ఆత్మవిచారము చేయుచు పొరుగువాని యాఁకలిని మఱచువారికి సువార్తయు, దానము చేయుచు నంతరంగమును మఱచువారికి నుపనిషత్తును హెచ్చరిక లగును.

సోదరులారా, భూములును పదవులును గల మనకు ఈ రెండు గ్రంథములను గౌరవించుట సులభము. మైత్రేయివలె నడుగుటయు, ఆ ధనికునివలె మరలిపోకుండుటయుఁ గదా కష్టము!