గేదె ఎదకు రాలేదా? అండకోశంలో జరిగే పని తెలుసుకోండి

గత వేసవిలో ఒక సంఘం లెక్కల తనిఖీకి వెళ్ళినప్పుడు, పాలు పోయవచ్చిన ఒక సభ్యుడు తన గేదెను సంతకు తోలబోతున్నానని చెప్పాడు. ఈని ఆరు నెలలు దాటినా ఎదకు రాలేదట. "గొడ్డుబోయిందండీ, ఇంక మేపి లాభం లేదు" అన్నాడు. ఒక్కసారి డాక్టరుగారికి చూపించి, తరువాత అమ్ముకోమన్నాను. డాక్టరుగారు చేతితో పరీక్షించి, "ఇది ఈమధ్యనే ఎదకు వచ్చి పోయింది. మీరే గమనించలేదు" అన్నారు. ఆ సంగతి ఆయనకు ఎట్లా తెలిసింది?

గేదె గర్భసంచికి రెండు ప్రక్కల రెండు అండకోశాలుంటాయి. ఒక్కొక్కటి సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. ఆవు అండకోశం కంటె చిన్నది. దాని పైభాగాన్ని పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే చిన్న చిన్న తిత్తులు కనబడతాయి. ఒక్కొక్క తిత్తిలో ఒక అండం, దాని చుట్టూ ఒకే వరుస కణాలు ఉంటాయి. దూడ పుట్టేనాటికే ఈ తిత్తులు ఏర్పడి ఉంటాయి. ఇవి ఆవులో కంటె గేదెలో చాలా తక్కువ.

వీటిలో కొన్ని వంతులవారీగా ఎదుగుతాయి. అండం చుట్టూ కణాలు వరుస మీద వరుస పెరిగి, నడుమ నీరు చేరి, తిత్తి బుడగవలె ఉబ్బుతుంది. 21 రోజుల ఎదచక్రంలో రెండు మూడు విడతలుగా తిత్తులు పెరిగినా, చివరి విడతలో సాధారణంగా ఒక్కటే పక్వమవుతుంది. అది ఊరించే ఈస్ట్రోజన్ వల్లనే ఎద లక్షణాలు కనబడతాయి. ఎద ముగిసిన 10 నుండి 14 గంటలకు తిత్తి పగిలి అండం విడుదలవుతుంది. మేత చాలక చిక్కిన గేదెలో పెరిగిన తిత్తి పగలకుండానే కుంగిపోవచ్చు.

పగిలిన చోట కార్పస్ లూటియం అనే చిన్న కండ ఏర్పడుతుంది. అది ఉన్నంతకాలం మరల ఎద రాదు. చూడి నిలవకపోతే సుమారు 17వ రోజు నుండి కరగిపోతుంది. డాక్టరుగారి చేతికి తగిలినది ఈ కండే. తిత్తి పగలనిదే ఈ కండ ఏర్పడదు. కనుక గేదె గొడ్డు కాదు, మూగ ఎదలో ఉన్నదన్నమాట.

సభ్యులు చేయవలసినవి:

1. వేసవిలో గేదెలు ఎక్కువగా రాత్రివేళ, తెల్లవారుజామున ఎదకు వస్తాయి. ఆ వేళల్లో కొట్టంలో ఒకసారి చూడండి.

2. మానం నుండి గాజువంటి తీగ, మాటిమాటికి మూత్రం, అరుపు, పాలు తగ్గడం గుర్తులు. ఆవులవలె ఒకదానిపై ఒకటి ఎక్కడం గేదెలలో అరుదు.

3. ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మరునాటి ఉదయం గర్భధారణ చేయించండి.

4. ఈనిన రెండు నెలలకు కూడా ఎద కనబడకపోతే డాక్టరుకు చూపించండి. పచ్చిమేత, దాణా, ఖనిజ లవణ మిశ్రమం తగ్గించకండి.

ఆ సభ్యుడు గేదెను అమ్మలేదు. పదకొండవ నాటి తెల్లవారుజామున తీగ చూశాడు, ఆ సాయంత్రమే సూది వేయించాడు. మూడు నెలల తరువాత పరీక్షలో చూడి నిలిచినట్లు తేలింది. ఒక్క ఎద తప్పితే 21 రోజుల మేత దండుగ. ఎద తేదీని గోడ మీద బొగ్గుతోనైనా వ్రాసిపెట్టుకోండి.