ఒక్కరోజు శస్త్రచికిత్స: నర్సు అడిగే ప్రశ్నలు, దాచకూడని జవాబులు

ఉదయం ఆసుపత్రికి వెళ్ళి, శస్త్రచికిత్స చేయించుకుని, సాయంత్రానికి ఇల్లు చేరే పద్ధతిని ‘డే కేర్ సర్జరీ’ అంటారు. కంటి శుక్లాలు, హెర్నియా, వరిబీజం వంటి అనేక వ్యాధులకు నేడు ఈ విధంగా చికిత్స జరుగుతున్నది. ఇది నిన్న మొన్నటి ఆలోచన కాదు. స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో డాక్టర్ జేమ్స్ నికోల్ ఈ పద్ధతిలో పిల్లలకు జరిపిన 8,988 శస్త్రచికిత్సల వివరాలను 1909లో ప్రకటించారు.

ఆసుపత్రిలో చేరిన రోగిని ముందురోజు నుండీ గమనించే వీలుంటుంది. ఒక్కరోజు చికిత్సలో ఆ వీలు లేదు. కనుక ముందుగా జరిగే పరిశీలన మీదనే రోగి క్షేమం చాలావరకు ఆధారపడి ఉంటుంది. అనేక ఆసుపత్రులలో ఈ బాధ్యతను నర్సులు నిర్వహిస్తారు. తుది నిర్ణయం మాత్రం వైద్యులదే.

చరకుడు చెప్పిన నాలుగు పాదాలు

వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నాలుగు పాదాల మీద చికిత్స నిలుస్తుందని చరక సంహిత చెబుతున్నది. పరిచర్య తెలిసి ఉండడం, దక్షత, రోగిపై ఆదరం, శుచిత్వం పరిచారకుని గుణాలు. రోగికి ఉండవలసిన గుణాలలో తన బాధను ఉన్నది ఉన్నట్లు తెలియజెప్పగలగడం ఒకటి. నర్సు ప్రశ్నించే వేళ ఈ రెండు పాదాలూ కలుస్తాయి.

ఏమి పరిశీలిస్తారు?

రక్తపోటు, నాడి, ఉష్ణోగ్రత, బరువు, అవసరమైతే రక్తంలో చక్కెర చూస్తారు. మధుమేహం, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవా? ఏ మందైనా పడదా? పూర్వం మత్తుమందు వల్ల బాధ కలిగినదా? కదిలే పళ్ళు, కట్టుడు పళ్ళు ఉన్నవా? ఇవన్నీ అడుగుతారు. ఆపరేషను ఏ వైపునో మీ నోటనే చెప్పిస్తారు. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగినా విసుగు పడరాదు. పొరపాటు జరుగకుండా ఉండడానికే ఆ జాగ్రత్త.

వంటింటి మందులూ మందులే

“ఏ మందులు వాడుతున్నారు?” అన్నప్పుడు చాలామంది మాత్రల పేర్లే చెప్పి, చూర్ణాలు, కషాయాల సంగతి విడిచిపెడతారు. ఇది ప్రమాదకరం. మందుగా అధికంగా తీసుకునే వెల్లుల్లి రక్తస్రావాన్ని పెంచవచ్చు. అతిమధురం చిరకాలం వాడితే రక్తపోటు పెరిగి, శరీరంలో పొటాషియం తగ్గవచ్చు. అశ్వగంధ మత్తును పెంచే అవకాశం ఉన్నది. పొడపత్రి, కాకరరసం ఉపవాస సమయంలో చక్కెరను మరింత తగ్గించవచ్చు. కూరలో వేసే నాలుగు వెల్లుల్లి రెబ్బలకు భయపడనక్కరలేదు. మందుగా వాడేవాటిని మాత్రం ఆపరేషను తేదీ నిశ్చయమైన నాడే తెలపాలి. సాధారణంగా ఒకటి రెండు వారాల ముందే మానమంటారు. రక్తపోటు, మధుమేహం మాత్రలనూ, రక్తాన్ని పలుచన చేసే మందులనూ సొంత నిర్ణయంతో మానరాదు.

ఖాళీ కడుపు ఎందుకు?

మూలశంక, భగందరం వంటి కొన్ని వ్యాధులలో భోజనం చేయని రోగికే శస్త్రకర్మ చేయాలని సుశ్రుతుడు నిర్దేశించాడు. నేటి కారణం వేరు. మత్తులో వాంతి అయితే కడుపులోని పదార్థం ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణాపాయం కలుగవచ్చు. పూర్తి మత్తు ఇచ్చేటప్పుడు సాధారణంగా తేలిక ఆహారం 6 గంటలు, నూనె పదార్థాలు 8 గంటలు ముందుగా ఆపాలి. మంచినీటిని 2 గంటల ముందు వరకు అనుమతిస్తారు. పాలు, కాఫీ, మజ్జిగ మంచినీటి కింద లెక్కకు రావు. మీ ఆసుపత్రి చెప్పిన సమయాన్నే పాటించండి. పొరపాటున ఏదైనా తాగితే దాచవద్దు. ఆపరేషను వాయిదా పడడం చిన్న నష్టం.

తోడు తప్పనిసరి

మత్తు ఇచ్చిన రోగిని ఒంటరిగా పంపరు. వెంట తీసుకువెళ్ళి, 24 గంటలు కనిపెట్టి ఉండే పెద్దవారు కావాలి. ఆ సమయంలో రోగి వాహనం నడపరాదు, ముఖ్య పత్రాలపై సంతకాలు చేయరాదు. ఆగని రక్తస్రావం, తగ్గని వాంతులు, ఆయాసం, మూత్రం బంధించడం కనిపిస్తే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తెలియజేయాలి.

ఆసుపత్రికి బయలుదేరే ముందు ఒక కాగితం మీద మీరు వాడే మాత్రలు, లేహ్యాలు, చూర్ణాలు, కషాయాలు అన్నీ వ్రాసుకోండి. ఆ కాగితాన్ని నర్సు చేతిలో పెట్టండి. మీ ప్రాణరక్షణకు మీరు చేయగల సహాయాలలో ఇది ముఖ్యమైనది.