పేగు ఆపరేషన్ అయ్యాక పొట్ట ఉబ్బుతోందా?

చెల్లెమ్మా, కాస్త ఇలా కూర్చో. మా వదిన సంగతి నీకు చెప్పాలి.

పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, కీమో కూడా పూర్తయింది. గండం గడిచిందనుకున్నాం. కొన్నాళ్లకి లంగా బొందు ముడెయ్యడానికి చాలడం లేదంది. చూస్తే గాజులు మోచేతి దాకా జారుతున్నాయి, పొట్ట మాత్రం బిగిసిపోయి ఉంది. రెండు ముద్దలు తింటే చాలు, ఆయాసం. "గ్యాసేలే, వాము నమలు" అన్నారు ఇంట్లో. స్కాన్ తీస్తే రెండు ఓవరీల్లోనూ గడ్డలు!

"పేగులోది అక్కడికెలా పోయింది?" అని ఒకటే ఏడుపు. రక్తం ద్వారానో, లింఫ్ నాళాల ద్వారానో, పొట్ట లోపలి పొర మీదుగానో కణాలు చేరతాయట. పేగులోని గడ్డంతా తీసేసినా, అంతకుముందే జారుకున్న కణాలు కంటికి కనపడవు కదా. వదిన పథ్యం తప్పినందుకు వచ్చింది కాదిది. ఆ మాట అన్నవాళ్ల నోరు నేనే మూయించాను. ఇలా కడుపు, పేగుల నుంచి ఓవరీలకి పాకే గడ్డలకి క్రూకెన్‌బర్గ్ అని పేరు, 1896లో వాటి గురించి రాసిన జర్మన్ డాక్టరు పేరది. నెలసరి ఇంకా ఆగని ఆడవాళ్లలోనే ఎక్కువట. అందుకే మరీ భయం.

ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకో. ఓవరీలో ఉన్నా అది పేగు క్యాన్సరే. రక్తపరీక్షలో సీఏ 125 పెరిగిందని ఓవరీ క్యాన్సర్ అనుకుంటే మందులే మారిపోతాయి. పాత బయాప్సీతో పోల్చి చూసి తేలుస్తారు. పైగా మిగతాచోట్ల కీమోకి లొంగిన జబ్బు ఓవరీల్లో మొండికేస్తుంటుంది. అందుకే, వీలున్నవాళ్లకి వాటిని ఆపరేషన్ చేసి తీసేస్తారు. చిన్న వయసు పిల్లయితే, పిల్లల సంగతి ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. సిగ్గుపడితే ఎలా?

"నాకు గర్భసంచి ఎప్పుడో తీసేశారక్కా" అంటావేమో. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అలాంటివాళ్లు ఎక్కువేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. సంచి తీసినా ఓవరీలు ఉంచేసి ఉండొచ్చు. "అన్నీ తీసేశారు" అన్న మాట నమ్మకు, డిశ్చార్జి కాగితంలో ఏం రాశారో చదివించుకో.

పేగు ఆపరేషన్ అయ్యాక మొదటి రెండేళ్లూ మూణ్నాలుగు నెలలకోసారి, ఆ తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆర్నెల్లకోసారి సీఈఏ రక్తపరీక్ష, డాక్టర్ చెప్పినప్పుడల్లా సీటీ స్కాన్. "బాగానే ఉన్నాగా" అని మానెయ్యొద్దు. నడుమ పొట్ట ఉబ్బినా, పొత్తికడుపులో నొప్పి వచ్చినా, నెలసరి తప్పినా గడువు దాకా ఆగకు. గైనకాలజిస్టు దగ్గరికి వెళ్తే కుర్చీలో కూర్చోగానే "నాకు పేగు క్యాన్సర్ ఆపరేషన్ అయింది" అని చెప్పు, బయాప్సీ రిపోర్టు చేతికియ్యి.