కొన్న కొట్టులో పాత అద్దెదారు

ప్రశ్న: ఘంటసాల మండలం శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు గుడి దగ్గర ఒక కొట్టు కొన్నాను. పాత యజమాని నోటిమాట మీద నెల అద్దెకిచ్చిన ఆయన, ‘మీకూ నాకూ ఒప్పందమే లేదు’ అంటూ ఖాళీ చేయడం లేదు. ఏం చేయాలండీ?

జవాబు: ఆ వాదన నిలవదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌తో యజమాని హక్కులు మీకొచ్చాయి. అద్దెదారు ఒప్పుకోలు అక్కర్లేదు. ముందు దస్తావేజు నకలు జతచేసి, ఇకపై అద్దె మీకే కట్టమని స్పీడ్ పోస్టులో తెలియజేయండి. మీరు కొన్న సంగతి తెలియక పాత యజమానికే కట్టేసి ఉంటే, ఆ సొమ్ము మళ్లీ అడగలేరు. కొనకముందు బకాయిలు కూడా, దస్తావేజులో ప్రత్యేకంగా రాయించుకుంటే తప్ప, మీవి కావు.

నెల అద్దెకు 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు చాలు. గడువు దాటినా కదలకపోతే సివిల్ కోర్టులో దావా వేయాలి. నోటీసు తర్వాత వచ్చే అద్దెను మాత్రం లాయరును అడగకుండా తీసుకోకండి. నోటీసు వదులుకున్నారని ఆయన వాదిస్తాడు. తాళం వేయడం, కరెంటు తీయించడం అసలే వద్దు. బలవంతంగా వెళ్లగొడితే ఆరు నెలల్లోగా దావా వేసి తిరిగి లోపలికి రాగలడు.

రిజిస్టరైన లీజు ఏదైనా ఉందేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి చూడండి. ఉంటే దాని గడువుకు మీరూ కట్టుబడాలి. మచిలీపట్నం, గుడివాడ లాంటి పట్టణాల్లో అయితే అద్దె చట్టం వేరు.