టించరుకు బదులు జోషాందా, సికంజబీన్



మూలికల టించరు ఇంట్లోనే చేసుకోవచ్చా అని ఈ మధ్య కొందరు అడుగుతున్నారు. టించరు అంటే మూలికను ఆల్కహాలులో నానబెట్టి తీసిన సారం. ఆల్కహాలు మూలికలోని గుణాన్ని లాగుతుంది, చెడిపోకుండా కూడా కాపాడుతుంది. మన ఇళ్ళలో దానికి చోటు లేదన్నది ఒక మాట. నా భయం ఇంకొకటి. పెయింటు కొట్లో దొరికే స్పిరిట్ తెచ్చి మూలిక నానబెడతారేమోనని! అందులో మిథైల్ ఆల్కహాలు ఉండవచ్చు. కొంచెం తాగినా చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. గాయాలు తుడిచే స్పిరిట్ కూడా లోపలికి తీసుకునేది కాదు.

యునానీలో నీటితో తీసే సారాలు రెండు. నానబెట్టి తీస్తే ఖిసాందా, కాచి తీస్తే జోషాందా. పువ్వులు, సువాసన గల ఆకులు మరిగిస్తే గుణం ఆవిరితో పోతుంది, కాబట్టి వాటిని వేడినీళ్ళలో వేసి మూత పెట్టాలి. వేరు, బెరడు, ఎండు కాయలు మాత్రం కచ్చాపచ్చాగా దంచి సన్నని సెగ మీద కాచాలి.

జలుబు, పొడి దగ్గుకు పెద్దవారి ఒక మోతాదు చెబుతాను. ఉన్నాబ్ (ఎర్రటి ఎండు రేగుపండు) 5, సపిస్తాన్ (ఎండు నక్కెర కాయలు) 9, చెక్కు తీసి నలగ్గొట్టిన ములేఠి 3 గ్రాములు. గ్లాసున్నర నీళ్ళలో వేసి గ్లాసు అయ్యేదాకా కాచి వడకట్టండి. బిహీదానా 3 గ్రాములు విడిగా అరకప్పు నీళ్ళలో నానబెట్టి, ఆ జిగురు మాత్రం ఇందులో కలపండి. బిహీదానా గింజల్ని దంచకూడదు, నమలకూడదు. లోపలి పప్పులో విషగుణం ఉంది.

ములేఠిని తమిళనాట అతిమధురం అనీ, కన్నడంలో జ్యేష్ఠమధు అనీ అడగండి. గురివింద వేరును దీని పేరుతో అంటగట్టే వాళ్ళున్నారు, కనుక నమ్మకమైన కొట్లోనే కొనండి. బి.పి., గుండె, కిడ్నీ జబ్బులున్నవారు, గర్భిణులు ములేఠి మానెయ్యాలి. అది రక్తపోటు పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. తీపికి తేనె వేస్తే గోరువెచ్చగా అయ్యాక వెయ్యండి. ఏడాది నిండని బిడ్డకు తేనె వద్దే వద్దు.

జోషాందా ఏ పూటకాపూట కాచుకోవలసిందే. వారానికి సరిపడా కాచి సీసాలో పోస్తే అందులో క్రిములు పెరుగుతాయి. వాసన మారలేదు కదా అని తాగకండి.

నిలవ ఉండాలంటే మనకు సిర్కా ఉంది. హదీసుల్లో మెచ్చుకున్న వస్తువది. చీటీ మీద సింథటిక్ అని రాసి ఉన్నది కాకుండా, పండ్లతోనో చెరకుతోనో పులియబెట్టింది తీసుకోండి. అర లీటరు సిర్కాలో 50 గ్రాముల ఎండు సోంపు (బాదియాన్) వేసి, గాజు సీసాలో వారం ఉంచండి. రోజూ ఒకసారి కుదపండి. పచ్చి ఆకులు వేస్తే నీరు చేరి పులుపు పలచబడుతుంది. వడకట్టాక ఒక వంతు సిర్కాకు మూడు వంతుల చక్కెర చేర్చి తీగపాకం రానివ్వండి. మన కితాబుల్లో ఏక్‌తార్ ఖివామ్ అన్నది ఇదే. దీన్ని సికంజబీన్ అంటాం. ఫారసీలో సిర్కా, అంగబీన్ (తేనె) కలిసి ఏర్పడిన పేరది. పాకం లేతగా ఉంటే బూజు, ముదిరితే సీసాలో చక్కెర గడ్డ! స్టీలు గిన్నెలోనే కాచండి. రాగి, ఇత్తడి, అల్యూమినియం పులుపుకు కరుగుతాయి. సీసాకు ఇనుప మూత వద్దు.

తిన్నాక కడుపు బరువుగా ఉంటే రెండు చెంచాలు గ్లాసు నీళ్ళలో కలిపి తాగండి. షుగరు ఉన్నవారికి, కడుపులో పుండు ఉన్నవారికి ఇది పనికిరాదు.

సీసా మీద పేరు, చేసిన తేదీ రాయండి. దగ్గు రెండు వారాలు దాటితే జోషాందా మార్చి మార్చి తాగుతూ కూర్చోకుండా సర్కారు దవాఖానాలో తెమడ పరీక్ష చేయించుకోండి. బిడ్డ వేగంగా ఊపిరి తీస్తున్నా, రొమ్ము లోపలికి లాగుతున్నా ఆ రాత్రే తీసుకువెళ్ళండి.